నేను రాయని ఇల్లు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక, రైలు పట్టాల వెంబడి ఒక వాడ ఉండేది. ఆ వాడ గురించి ఇప్పటికీ ఒక మాట తిరుగుతున్నది. హమాలీల మేస్త్రి ఒకాయన పక్కింటి వాళ్ల మీద కోపంతో వాళ్ల పేరు లిస్టులోంచి తీసేయించాడని, అందుకే వాళ్లకు ఇల్లు రాలేదని. ఆ మాట అబద్ధం. ఆ పేరు లిస్టులోకి ఎక్కకపోవడానికి కారణం నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

నాది కోదాడ. ఇరవై ఏళ్లకు పైగా సర్వే పని చేశాను. ప్రభుత్వ ఉద్యోగం కాదు, ఆఫీసులకు మనుషులను పంపే ఒక ఏజెన్సీలో. ఎక్కడ రోడ్డు వేయాలన్నా, పైపులు వేయాలన్నా ముందు మేము పోయి ఇళ్లు రాసుకొచ్చేవాళ్లం. ఇంట్లో ఎంతమంది, కప్పు రేకులా పెంకులా, ఎన్నేళ్లుగా ఉంటున్నారు. టేపు పట్టడం, ఫారం నింపడం, గోడ మీద ఎర్ర రంగుతో నంబరు వేయడం. యాభై రెండేళ్లకే మోకాళ్లు మొరాయించడంతో మానేశాను. ఇప్పుడు ఇదే పని చేసే యువకులు ట్యాబులు పట్టుకొని మా వీధికి వస్తే పిలిచి మంచినీళ్లిస్తాను. వాళ్లు కూర్చోరు, తొందరలో ఉంటారు. ఆ తొందర నాకు బాగా తెలుసు. ఇది వాళ్లు చదవాలని రాస్తున్నాను.

ముందు ఆ వాడ గురించి చెప్పాలి. ఒకే వరస ఇళ్లు, మిల్లు వెనక గోడకు ఎదురుగా. దాదాపు అన్నీ ఒకటే గది, పైన రేకులు. పొద్దున్నే వడ్లు ఉడికే వాసన వాడంతా కమ్ముకునేది. మొదటి రెండు రోజులు ముక్కుకు రుమాలు కట్టుకున్నాను. మూడో రోజు నుంచి ఆ వాసనకే ఆకలయ్యేది. ఆరేసిన బట్టల మీద, మంచాల మీద, చాయ్‌లో, అంతటా ఊక దుమ్ము. నేను గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టుకొని తాగుతుంటే చాయ్ దుకాణంలో అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి చెయ్యి తీసేశాను.

మగవాళ్లు భుజాన ఇనుప కొక్కెం తగిలించుకొని బస్తాలు మోయడానికి పోయేవాళ్లు. ఆడవాళ్లది కళ్లం పని. ఉడికిన వడ్లను పెద్ద సిమెంటు కళ్లం మీద పరిచి, అవి ఆరేదాకా కాళ్లతో చాళ్లు తీసుకుంటూ ఒకరి వెనక ఒకరు నడిచేవాళ్లు. ఎండ ఎక్కేకొద్దీ ఆ నడక ఆగేది కాదు. ఒకామె నాతో అన్నది, "రోజూ హైదరాబాదుకు నడిచినంత నడుస్తం సారూ. ఊరు మాత్రం రాదు."

అప్పటికే ఆ పని తగ్గిపోతున్నది. మిల్లుల్లో వడ్లను ఆరబెట్టే యంత్రాలు వచ్చేశాయి. రెండు కళ్లాలు ప్లాట్లయి, వాటి చుట్టూ ప్రహరీలు లేచాయి. ఇక వాడ మీదుగా పెద్ద రోడ్డు పోతుందని తేలింది. అక్కడ ఉంటున్నవాళ్లకు ఊరి బయట కొత్త కాలనీలో రెండు గదుల ఇళ్లు ఇస్తామన్నారు. ఎవరు ఉంటున్నారో రాయడానికి మమ్మల్ని పంపారు. నాకొక సగం, నా తోటి ఉద్యోగికి ఒక సగం.

నా సగంలో నన్ను ఇల్లిల్లూ తిప్పింది ఆ మేస్త్రి. యాభై దాటిన మనిషి, బస్తాలు మోసి మోసి మెడ లావెక్కింది. మిల్లులో హమాలీల ముఠా ఆయన కింద పనిచేసేది. నేను అడగకముందే ఇంట్లో ఎవరెవరున్నదీ చెప్పేవాడు, ఆ ఇంటాయనను ఏదో ఒకటి అనకుండా ముందుకు కదిలేవాడు కాదు. "ఈ ఇల్లు రాయి సారూ. ఈయన క్వింటాల్ బస్తా మోస్తడు గని పెండ్లాం ఒక్క మాటంటే మోయలేడు." లోపల్నుంచి ఆ ఇంటామె, "నీ ఇంటి సంగతి జెప్పమంటవా అన్నా," అనేది. ఆయన వెంటనే పక్కింటికి నడిచేవాడు.

ఆయన ఇంటి పక్కింటికి తాళం లేదు. తలుపు గొళ్లేనికి సుతిలి తాడు కట్టి ఉంది. ఆ ఇంటామె కళ్లం పని చేస్తుంది, భర్త మేస్త్రి ముఠాలోనే హమాలీ, ఒక అత్త. ముగ్గురూ ఆ సీజనుకు మాడుగులపల్లి దారిలో ఒక మిల్లుకు పోయారు. సీజనులో కళ్లం మీద పనిచేసేవాళ్లు నెలన్నర అక్కడే షెడ్డులో ఉండిపోవాలి. ఎప్పుడు మబ్బు పట్టినా పరుగెత్తి వడ్లు కుప్ప చేయాలి కదా. మేస్త్రి ఇదంతా వివరంగా చెప్పి, ముగ్గురి పేర్లూ చెప్పి, రాసుకోమన్నాడు.

ఆ రెండిళ్లకు మాటల్లేవని నేను అప్పటికే చాయ్ దుకాణంలో విన్నాను. పక్కింటివాళ్ల మోరీలోని మురుగునీళ్లు మేస్త్రి వాకిట్లోకి వస్తున్నాయని పెద్ద గొడవైందట. అందుకే ఆ వాకిలి చూసి ఆశ్చర్యపోయాను. మనుషులు లేని ఇంటి ముందు సాన్పి చల్లి ఉంది. పేడనీళ్ల తడి ఇంకా ఆరలేదు, మీద చిన్న ముగ్గు. ఎవరు చల్లారని అడిగాను.

మేస్త్రి భార్య తన గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నది. "నేనే," అంది. ఆ వాడలో అది పద్ధతి. సీజనుకు పోయినవాళ్ల వాకిలిని పొడిగా ఉంచరు. పొడి వాకిలంటే ఆ ఇల్లు ఖాళీ అయినట్టు. ఉన్నవాళ్లు తమ వాకిలితో పాటు పక్కదానికీ చల్లుతారు. మీకు మాటల్లేవట కదా అన్నాను. "మోరీ కాడ మాకు మాటలు బందయినయి సారూ. వాకిలేం జేసింది?" అంది.

మేస్త్రి నా ఫారం వైపు చెయ్యి చూపించాడు. "సూసినవు గద. ఇల్లు ఉన్నట్టే. రాయి."

నేను రాయలేదు. ఇంట్లో మనిషి లేకపోతే మూడు వేర్వేరు రోజుల్లో పోయి చూడాలని మాకు నియమం. ఫారంలో దానికి మూడు గడులుంటాయి. నాలుగు రోజులాగితే అంగడి రోజున వాళ్లు ఇంటికి వస్తారని మేస్త్రి చెప్పాడు. సరే, అప్పుడొస్తానన్నాను. ఆ మధ్యాహ్నమే చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చొని మూడు గడుల్లో మూడు తేదీలు వేశాను. కింద "తాళం. నివాసం లేదు" అని రాశాను. లేని తాళం కూడా రాశాను.

ఎందుకు చేశానంటే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఎవరూ నా మీద ఒత్తిడి పెట్టలేదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఏజెన్సీలో నేను అందరికంటే తొందరగా పని ముగిస్తానని పేరు. మా సూపర్‌వైజర్ నలుగురిలో నన్ను చూపించి, ఈయన్ని చూసి నేర్చుకోండి అనేవాడు. ఆ మాట వినడం నాకు అలవాటైపోయింది. రెండో సగం రాస్తున్న నా తోటి ఉద్యోగి ప్రతి తలుపుకూ మళ్లీ మళ్లీ పోయేవాడు, పిలిచిన ప్రతి ఇంట్లో కూర్చునేవాడు. సర్వేకొచ్చావా, సంబంధం చూడ్డానికొచ్చావా అని అతన్ని ఆటపట్టించేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు. నాకంటే పన్నెండు రోజులు ఆలస్యంగా ముగించాడు. అతని సగంలో ఒక్క ఇల్లూ తప్పిపోలేదు. అది ఎవరూ మెచ్చుకోలేదు, నేను కూడా.

కొన్నాళ్లకు లిస్టు వచ్చింది. వాడ మొదట్లో ఉన్న బడి గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే రాసుకొమ్మని నన్ను అక్కడ కూర్చోబెట్టారు. చదవడం వచ్చినవాళ్లు పేర్లు పైకి చదువుతుంటే మిగిలినవాళ్లు తమ పేరు విని పక్కకు జరుగుతున్నారు. చివరికి ఎవరో ఒక పేరు లేదన్నారు. మిల్లుకు మనిషిని పంపారు.

ఆమె కళ్లం మీదనుంచే వచ్చింది. పాదాలకు ఉడికిన వడ్ల పొట్టు అంటుకొని ఉంది. లిస్టు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నేరుగా మేస్త్రి ముందుకు పోయి నిలబడింది.

"అన్నా, మోరీ నీళ్ల కాడ కొట్లాడితే ఇల్లే తీసేస్తవా?"

మేస్త్రి నా వైపు తిరిగాడు. "సారూ, నువ్వు జెప్పు. నేను పేర్లు జెప్పిన్నా లేదా? వాకిలి సూపెట్టిన్నా లేదా?"

వాడంతా నా వైపు చూసింది. నా ముందు టేబుల్ మీద అభ్యంతరాల పుస్తకం తెరిచి ఉంది. అందులో ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. సర్వే చేసిన మనిషి పొరపాటు, ఇల్లు ఉన్నది అని. గడువు ఇంకా ఉంది. పేరు ఎక్కేది. కాకపోతే నేను పోకుండానే తేదీలు వేశానని తెలిసేది.

"రోజుకు ఎన్నో ఇళ్లు రాస్తాం," అన్నాను. "గుర్తు లేదు."

మేస్త్రి గొంతు పెంచి, ఈయనే రాయలేదు, నేను చెప్పాను, నా భార్య కూడా అక్కడే ఉంది అన్నాడు. నిజం చెప్పే మనిషి గొంతు పెంచితే అబద్ధంలా వినపడుతుందని ఆ రోజు చూశాను. ఆయన భార్య ముందుకొచ్చి ఏదో చెప్పబోయింది. ఆ ఇంటి మనిషివి నువ్వు అట్లనే అంటవులే అని ఎవరో అడ్డం పడ్డారు. ఆమె వెనక్కి జరిగింది.

పక్కింటివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. నా ఫారం తెప్పించి చూశారు. మూడు గడుల్లో మూడు తేదీలున్నాయి. మా సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, మూడుసార్లు పోయినవు కదా, అదే మాట మీద ఉండు అన్నాడు. ఆయనకు అనుమానం వచ్చిందో లేదో తెలియదు. నేను అదే మాట మీద ఉన్నాను.

రోడ్డు పడింది. ఆ పక్కింటివాళ్లు సూర్యాపేటకు పోయారని విన్నాను. మేస్త్రికి కాలనీలో ఇల్లొచ్చింది, కాని పక్కింటినే వదలని మనిషి మమ్మల్ని వదులుతాడా అని ముఠా ఆయన్ని వదిలేసింది. మేళ్లచెరువు పోయి సిమెంటు లారీల దగ్గర కూలి పనిలో చేరాడట. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవి కావు. ఎవరో ఒకరు చెప్తుంటే వినేవాణ్ణి, విని మాట మార్చేవాణ్ణి.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లికి పోతూ మిర్యాలగూడలో బస్సు దిగాను. కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. వాడ ఉన్నచోట నున్నటి రోడ్డు, ఒక పక్క ఫంక్షన్ హాలు, ఒక పక్క కార్లమ్మే షోరూము. కళ్లాల మీద మూడంతస్తుల ఇళ్లు లేచాయి. ఉడికిన వడ్ల వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చాను. పెట్రోలు, కొత్త రంగు. ఆ వాడలో నేను ఉన్నది మొత్తం ఇరవై రోజులు కూడా కాదు. అయినా నా సొంత ఇల్లు తీసేసినట్టు నిలబడిపోయాను. ఆ హక్కు నాకు లేదని తెలుసు.

రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర ఒక ముసలి హమాలీ కూర్చొని ఉన్నాడు. ఇక్కడ ఒక వాడ ఉండేది కదా అన్నాను. నన్ను గుర్తుపట్టలేదు. ఉత్సాహంగా అంతా చెప్పుకొచ్చాడు, చివర్లో మేస్త్రి కథ. "పక్కింటి ఆడామె పేరు కొట్టేయించిండు, బద్మాష్. అసొంటోడు ఉండబట్టే వాడ ఖతమైంది." నా కథను నాకే, వేరే మనిషి పేరు పెట్టి చెప్తున్నాడు. అది నేనే అని అక్కడ కూడా అనలేకపోయాను. గ్లాసు కింద పెట్టి లేచాను.

కాని పెళ్లికి పోలేదు. కాలనీకి పోయి మేస్త్రి గురించి అడిగాను. మాడుగులపల్లిలో కూతురింట్లో ఉంటున్నాడన్నారు.

ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మెడ సన్నబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "సర్వే సారు," అన్నాడు, అంతే. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. తేదీలు ఎక్కడ వేసిందీ, ఆ రోజు బడి దగ్గర అన్నీ గుర్తుండీ లేవన్నదీ.

"నాకు తెల్వదా?" అన్నాడు. "చాయ్ దుకాణంల నువ్వు రాస్తుంటె సూసిన. అంగడి రోజు రాకపాయె, అప్పుడే సమజైంది."

మరి ఆ సంగతి అందరికీ ఎందుకు చెప్పలేదన్నాను.

"జెప్పిన గద, అందరి ముందట. కాయితం నీ చేతిల ఉండె." తర్వాత అన్నాడు, "నువ్వు ఎప్పుడన్న వచ్చి జెప్తవని నాలుగేండ్లు సూసిన. ఇగ సూసుడు బంద్ జేసిన."

ఆయన భార్య కనపడలేదు. అడిగాను. రెండేళ్లయిందట ఆమె పోయి. ఆ మాట ఎటో చూస్తూ చెప్పాడు. తర్వాత, "నాకు తెలిసిందే నాకు జెప్పుడెందుకు? పోయి ఆమెకు జెప్పు," అన్నాడు.

సూర్యాపేట మార్కెట్ యార్డులో ఆమెను వెతకడానికి రెండు రోజులు పట్టింది. రాశుల మధ్య కూర్చొని నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి వడ్లు జల్లెడ పడుతున్నది. పక్కకు పిలిచి చెప్పాను. ఆమె జల్లెడ చేతిలో పట్టుకొనే విన్నది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను కూడా. ఇంటి గురించి ఒక్క మాటా అడగలేదు.

"నువ్వొచ్చిన నాడు మా వాకిలి ఎట్లుండె?" అని అడిగింది.

"సాన్పి చల్లి ఉంది. ముగ్గు కూడా."

"ఎవలు చల్లిన్రు?"

ఆమెకు తెలియదు. ఆ సీజను ఇంటికొచ్చినప్పుడల్లా వాకిలి తడిగా ఉంటే, రెండో పక్కింటామె చల్లుతున్నదని అనుకుందట. మాటల్లేని ఇంటి నుంచి చల్లుతారని ఎందుకు అనుకుంటుంది? ఎవరినీ అడగలేదు. నేను చెప్పాను. చేతులు తుడుచుకుంటూ మేస్త్రి భార్య అన్న మాట కూడా చెప్పాను.

ఆమె అక్కడే బస్తా మీద కూర్చుండిపోయింది. జల్లెడ పక్కన పెట్టి, "వదిన సచ్చిపోయిందని కబురొచ్చింది," అంది. "మా ఆయన పోదామన్నడు. నేనే వద్దన్న. ఇల్లు మింగినోళ్లింటికి పోయేది లేదన్న."

పోయిన ఇంటికి బదులు ఇంకో ఇల్లు వస్తుందేమో. దాని కోసం నా తప్పు ఒప్పుకుంటూ ఆఫీసుకు కాగితం రాసిచ్చాను, ఏమవుతుందో తెలియదు. ఆ చావుకు పోలేకపోయిన రోజు మాత్రం ఏ కాగితంతోనూ తిరిగిరాదు. నా చేతిరాత ఎంతదూరం పోయిందో నాకు అప్పుడు తెలిసింది. తొందర మీద ఉన్న మీరు కూడా ఇది తెలుసుకోవాలనే ఇంత రాస్తున్నాను. మనం రాసేది ఇల్లు ఒక్కటే అనుకుంటాం.

మార్కెట్‌కు సెలవు రోజున ఆమె మాడుగులపల్లికి బయలుదేరింది. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అదే బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన ఇల్లు చూపించి నేను వాకిలి బయటే నిలబడ్డాను.

మేస్త్రి ఆమెను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. ఆయనే అన్నాడు, "ఏం చెల్లె, నీ మోరీ నీళ్లు ఇప్పుడు ఎవలింట్లకు వోతున్నయి?"

"నాకు మోరీ యాడిదన్నా. కిరాయిల్లు," అంది ఆమె. అని, ఏడ్చింది.

ఆయన కూతురు నీళ్లు తెచ్చి నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. అరుగు మీద వాళ్ల మాటలు మొదలయ్యాయి. వదిన చివరి రోజుల గురించి ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. అక్కణ్ణుంచి మాట వాడ మీదికి పోయింది. ఎవరెక్కడున్నారో ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంటూ పోయారు. ఒకాయన కాలనీలో, ఇంకొకాయన మేళ్లచెరువులో, ఇద్దరు అన్నదమ్ములు హైదరాబాదులో వాచ్‌మెన్లు. చాయ్ దుకాణం వైపు నుంచి ఇల్లిల్లూ వరసగా చెప్తున్నారు, ఆమె వేళ్ల మీద లెక్కపెడుతున్నది. మధ్యలో ఒకచోట ఏ ఇల్లు ముందో ఏది తర్వాతో అని వాదన పడింది. ఆ వరస నాకు తెలుసు. టేపు పట్టి కొలిచినవాణ్ణి. వాళ్లు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

రైలు పట్టాల చివరిదాకా వచ్చేసరికి లెక్కలో ఒక ఇల్లు తక్కువ పడింది. ఎవరిదో ఇద్దరికీ తట్టలేదు. వదిలేద్దామని ఎవరూ అనలేదు. మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టారు.